డబ్బా మీద చీటీ

మా అమ్మ వంటింట్లో ఏ డబ్బా మీద ఏం రాసి ఉంటే అందులో అది ఉండదు. హార్లిక్స్ సీసాలో ఆవాలు, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు, "చక్కెర" అని అందంగా చెక్కించిన స్టీలు డబ్బాలో మెత్తటి ఉప్పు. అమ్మకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపినా కావలసిందే చేతికొస్తుంది. ఇబ్బందల్లా ఆ వంటింటికి కొత్తగా వచ్చినవాళ్ళకే. మా తమ్ముడి పెళ్ళయిన కొత్తలో మా మరదలు ముచ్చటపడి సేమ్యా పాయసం చేస్తానంది. ఆ చక్కెర డబ్బాను నమ్మింది. మిగతాది మీరు ఊహించుకోగలరు.

పాపం, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కాస్త నాలిక మీద వేసి చూసుకోవద్దుటే తల్లీ?" అంది అమ్మ. నాన్న మాత్రం గిన్నె పక్కకు జరిపి, "తప్పు అమ్మాయిది కాదు. చీటీది," అన్నారు. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం ఆయనకు వృత్తిరీత్యా వచ్చిన అలవాటు.

చీటీని నమ్మాలా, రుచీ వాసనా చూసుకోవాలా? ఈ తగువు మా ఇంట్లో ఆ ఒక్క పూటతో తీరిపోయిందిగానీ, ప్రపంచంలోని కంప్యూటర్ల మధ్య ముప్ఫై ఏళ్ళకు పైగా నడుస్తూనే ఉందని నాకు చాలా కాలం తెలియదు. బి.ఏ. చదివిన దాన్ని. మీటలు నొక్కడం తప్ప లోపలి సంగతులు నాకేం తెలుస్తాయి? తెలుసుకోవలసిన అవసరం ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను.

కంప్యూటర్ కడుపులో ఉన్నవన్నీ సున్నాలూ ఒకట్లే. మనవరాలి ఫోటో, సుబ్బులక్ష్మిగారి పాట, కరెంటు బిల్లు, ఈ వ్యాసం... అన్నీ ఒకే రంగు పిండి. శనగపిండో సున్నిపిండో చూపుతో చెప్పలేం. పకోడీలు వెయ్యాలా ఒంటికి రాసుకోవాలా అన్నది చీటీ చూస్తేనే తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో మనం ఏ పేజీ తెరిచినా, అవతలి కంప్యూటర్ పంపే జవాబుకు ముందు అలాంటి చీటీ ఒకటి వస్తుంది. మన కంటికి కనిపించదు. "కంటెంట్ టైప్" అని దాని పేరు. ఇది బొమ్మ, ఇది పాట, ఇది చదువుకునే కాగితం అని అది చెబితే, మన ఫోనులోని బ్రౌజర్ అందుకు తగ్గట్టు తెరుస్తుంది.

ఈ చీటీ పుట్టింది ఇంటర్నెట్ పేజీల కోసం కాదు, ఉత్తరాల కోసం. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మొదటిసారి ఉత్తరం పంపాడు. 1982లో ఆ ఉత్తరాలకు పక్కా నియమాలు రాశారు. వాటి ప్రకారం ఉత్తరంలో 128 గుర్తులే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కాసిని చుక్కలూ కామాలూ. ఫ్రెంచివాళ్ళ అక్షరాల మీది గీతలకే చోటు లేదు. ఇక మన గుడులూ కొమ్ములూ ఒత్తులూ ఏపాటి! ఫోటో పంపాలంటే దాన్ని ఇంగ్లీషు అక్షరాల మూటగా మార్చి పంపాల్సిందే. ఆ మూట కట్టే ఉపాయాన్ని 1980లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మేరీ ఆన్ హోర్టన్ కనిపెట్టింది. మూట బాగానే వెళ్ళేది. కాని అందులో ఏముందో, ఎలా విప్పాలో అందుకున్నవాళ్ళే చూసుకోవాలి.

అప్పుడు వచ్చారు నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అని ఇద్దరు. బోరెన్‌స్టీన్ న్యూజెర్సీలో బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. ఉత్తరంతో పాటు ఏం పంపినా, అదేమిటో చెప్పే చీటీ ముందే అంటించాలని వీళ్ళిద్దరూ పద్ధతి రాశారు. మైమ్ అని దానికి పేరు. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ ఆ పద్ధతిలో మొదటి ఉత్తరం పంపాడు. జతగా ఏం పెట్టాడనుకున్నారు? వాద్యాల్లేకుండా నలుగురు మగవాళ్ళు గొంతులు కలిపి పాడే బృందం ఒకటి ఉండేది వాళ్ళకు. ఆ నలుగురి ఫోటో, వాళ్ళు పాడిన పాట! ఆ బృందం పేరు టెలిఫోన్ కార్డ్స్. ఆ మాట పలికితే టెలిఫోన్ తీగలూ అవుతుంది, సంగీతంలోని స్వరాల కలయికా అవుతుంది.

ఉత్తరాల్లో ఫోటోలెందుకయ్యా, ఎవరికి కావాలి అని తోటివాళ్ళు నవ్వేవారట. "నాకూ ఎప్పుడో ఒకప్పుడు మనవలు పుడతారు. వాళ్ళ ఫోటోలు నాకు ఇందులోనే రావాలి" అనేవాడట అతను. ఇవాళ అమెరికాలో పుట్టిన మనవడి బోసినవ్వును అమలాపురంలో కూర్చుని చూసే ప్రతి అమ్మమ్మా ఆయనకు ఒక నమస్కారం బాకీ ఉంది.

1992 జూన్‌లో అచ్చయిన ఆ నియమాల్లో ఏడే ఏడు పెద్ద అరలున్నాయి. చదివే పాఠం, బొమ్మ, ధ్వని, కదిలే బొమ్మ, ఫలానా ప్రోగ్రాముతో మాత్రమే తెరుచుకునే సరుకు, పలు రకాలు కలిపిన మూట, ఉత్తరంలో ఉత్తరం. ప్రతి అరలోనూ మళ్ళీ చిన్న గడులు. ఇంటిపేరూ పేరూ లాగా ప్రతి చీటీ మీదా రెండు మాటలు, మధ్య వాలుగీత. బొమ్మ గీత జిఫ్, పాఠం గీత సాదా... అలాగన్నమాట. మా నాన్న చూసి ఉంటే, "సమాసం బాగానే కుదిరింది" అనేవారేమో!

ఇంటర్నెట్ పేజీలకు మొదట్లో ఈ బాధే లేదు. స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ 1991లో పెట్టిన తొలి పద్ధతిలో, అడిగితే వచ్చేది ఒకే రకం కాగితం. ఒకే కూర వండే ఇంట్లో గిన్నెల మీద పేర్లు ఎవరు రాస్తారు? తరువాత బొమ్మలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఉత్తరాల నుంచి ఆ చీటీని అరువు తెచ్చుకున్నారు. ఆ పద్ధతే 1996 మే నెలలో రాతకోతల్లోకి ఎక్కింది.

మరి చీటీ మీద ఏం రాయాలో జవాబిచ్చే కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? లోపల తెరిచి చూస్తుందనుకుంటాం. చాలాసార్లు అదేం లేదు. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉన్న తోక చూస్తుంది. పక్కన పెద్ద పట్టిక ఒకటి పెట్టుకుంటుంది. ఈ తోక ఉంటే బొమ్మ, ఆ తోక ఉంటే పాట. అంతే. మన కిరాణా కొట్టు కుర్రాడు పొట్లం విప్పకుండా పైన కట్టిన దారం రంగు చూసి సరుకు చెప్పేసినట్టు.

అడిగేవాళ్ళు కూడా ఊరుకోరు లెండి. మన బ్రౌజర్ పేజీ అడుగుతూనే, "నాకు ఫలానా రకాలు పడతాయి, అందులో ఇదైతే మరీ ఇష్టం" అని ఒక జాబితా ఇస్తుంది. ఇష్టానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు కూడా వేస్తుంది! అవతలివాళ్ళ దగ్గర అవేవీ లేకపోతే "మీకు నచ్చేది మా దగ్గర లేదు" అని మర్యాదగా చెప్పడానికి 406 అని ఒక అంకె కూడా ఉంది. పెళ్ళిచూపుల్లో మనవాళ్ళు ఉత్తరం రాస్తామని నెలల తరబడి తిప్పేకన్నా ఇది ఎంత నయమో చూడండి.

అసలు చిక్కు పోర్టళ్ళతో వచ్చింది. పోర్టల్ అంటే ఒకే పేజీలో వార్తలూ, వాతావరణమూ, మన ఉత్తరాలూ, ఆఫీసు సర్క్యులర్లూ అన్నీ గడులు గడులుగా చూపించే పెద్ద గుమ్మం. పైకి ఒకే పేజీ. లోపల ఒక్కో గడినీ ఒక్కో చిన్న ప్రోగ్రాము వండుతుంది. పోర్ట్‌లెట్ అంటారు దాన్ని. కార్తీక వనభోజనాలు తలుచుకోండి. పులిహోర ఒకరింటి నుంచి, గుత్తివంకాయ ఒకరింటి నుంచి, చక్రపొంగలి ఇంకొకరింటి నుంచి వస్తాయి. తినేది మాత్రం ఒకే విస్తట్లో. పెత్తనం చేసే పెద్దావిడ ముందే అందరినీ కనుక్కోకపోతే ఆరుగురు పులిహోరే తెస్తారు.

2003 అక్టోబరులో జావా భాష వాళ్ళు ఈ పెద్దావిడ పెత్తనానికి నియమాలు రాశారు. ప్రతి పోర్ట్‌లెట్టూ తాను ఏయే రకాలు వండగలదో ముందే రాసిపెట్టాలి. వచ్చినవాళ్ళు పెద్ద తెర కంప్యూటర్ నుంచి వచ్చారా, ఆ రోజుల్లో రెండు వేళ్ళంత తెర ఉన్న ఫోను నుంచి వచ్చారా అని పోర్టల్ చూస్తుంది. ఫోనులకు అప్పట్లో వేరే రకం పేజీలుండేవి. "ఈ పూట నాకు ఈ రకం కావాలి" అని పోర్టల్ చెబితే, పోర్ట్‌లెట్ మొదటి అక్షరం రాయకముందే "సరే, ఇదే రకం వడ్డిస్తున్నాను" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా రాయబోతే కలం కదలదు, తప్పు చూపించి ఆపేస్తుంది. 2008లో రెండోసారి నియమాలు రాసినప్పుడు కాస్త మెత్తబడ్డారు. నోరు విప్పి చెప్పకపోతే పోర్టల్ కోరిన రకమే అనుకుంటారు. మౌనం అర్ధాంగీకారం అన్నది ఇక్కడా చెల్లిందన్నమాట!

ఇంతా చేస్తే, చీటీలు తప్పుగా అంటించేవాళ్ళకు ఏ లోకంలోనూ కొదవ లేదు. అపాచీ అని ఎంతో పేరున్న సర్వర్ ప్రోగ్రాము, తోక తెలియని ఫైలు వస్తే చాలా ఏళ్ళపాటు "సాదా పాఠం" అని రాసి పంపేది. 2012 దాకా అదే వాడుక. దాంతో పాట తెరిస్తే తెర నిండా పిచ్చి గీతలు. ఇది భరించలేక బ్రౌజర్లు మా అమ్మ దారి పట్టాయి. చీటీ సంగతి అలా ఉంచి, లోపల వాసన చూడడం మొదలుపెట్టాయి. నేను సరదాకి అన్నమాట కాదు, ఆ విద్యను వాళ్ళు వాసన చూడడమనే అంటారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫైలులోని మొదటి 256 బైట్లు చూసి, ఇరవయ్యారు రకాల్లో ఇది ఏదో తేల్చేది. కొన్నిటికి నిజంగానే వాసన ఉంటుంది మరి. జిఫ్ బొమ్మ ఏదైనా దాని మొదటి మూడక్షరాలు దాని పేరే. పీడీఎఫ్ కూడా శాతం గుర్తు పెట్టి తన పేరు చెప్పుకునే మొదలవుతుంది. ఈ విద్య 1973 నాటికే యూనిక్స్ కంప్యూటర్లలో ఉంది.

వాసన చూసేవాళ్ళున్నారని తెలిస్తే అత్తరు పూసుకొచ్చే దొంగలూ ఉంటారు. చీటీ మీద బొమ్మ అని ఉంటుంది, లోపల మాత్రం బ్రౌజర్‌తో పనులు చేయించే మంత్రం దాగి ఉంటుంది. బొమ్మే కదా అని సైటువాళ్ళు లోపలికి రానిస్తారు. బ్రౌజర్ వాసన చూసి, "అబ్బే, ఇది బొమ్మ కాదు, పేజీ" అని ఆ మంత్రాన్ని చదివేస్తుంది. 2009లో ఆడం బార్త్, హువాన్ కబయేరో, డాన్ సాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక తమాషా చూపించారు. పండితులకు పరిశీలనకు పంపిన పరిశోధన వ్యాసమే, వాళ్ళు తెరవగానే వాళ్ళ పేరుతో తనకు తానే మంచి మార్కులు వేసేసుకోగలదు! కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. కథ తనకు తానే మొదటి బహుమతి ఇచ్చుకుంటే మాకెంత శ్రమ తప్పేదో!

ఆ ప్రమాదం తెలిశాక మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2008లో ఎనిమిదో ఎక్స్‌ప్లోరర్ తయారుచేస్తూ కొత్త ఏర్పాటొకటి చేశారు. "వాసన చూడకు, చీటీనే నమ్ము" అని సర్వర్ ఖండితంగా చెప్పవచ్చు. తరువాత మిగతా బ్రౌజర్లూ దాన్ని మన్నించాయి. చీటీ సరిగ్గా రాసే బాధ్యత తిరిగి రాసేవాళ్ళ మీదే పడింది. తప్పు అమ్మాయిది కాదు, చీటీది!

ఇప్పుడు నా సంగతి.

పాఠం చీటీ చివర ఇంకో చిన్న మాట ఉండాలి. ఏ లిపి పద్ధతిలో రాశారన్నది. అది లేకపోతే పడమటి ఐరోపా అక్షరాలే అనుకోవాలని చాలా ఏళ్ళు నియమం ఉండేది. 2014లోగాని దాన్ని ఎత్తెయ్యలేదు. మన తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాలను అందరికీ పనికొచ్చేలా పంపే యూటీఎఫ్ ఎనిమిది అనే పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్ బల్ల మీద, కంచం కింద పరిచే కాగితం మీద గీశారట. అన్నీ ఉన్నాయి. చీటీ మీద ఆ ఒక్క మాటే చాలామంది రాసేవారు కాదు.

2005లో మావారి ఉద్యోగరీత్యా మేం పూనాలో ఉన్నాం. నాన్నకు అరవై రెండేళ్ళు. మా ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, కుర్రాళ్ళ పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో టైపు చేయడం నేర్చుకున్నారు. నాకు రెండు ఉత్తరాలు పంపారు.

మొదటిది తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లీషు 'ఎ', పక్కన చిన్న సున్నా, ఆ తరువాత ఇంకేదో గుర్తు. మళ్ళీ అదే 'ఎ', అదే సున్నా. పేజీ అంతా అదే వరస. రెండోది ఇంకా విచిత్రం, మొత్తం ప్రశ్నార్థకాలే. సాయంత్రం ఫోన్ చేసి, "అందిందా అమ్మాయ్? చదివావా?" అని అడిగారు. ఆయన గొంతులో ఆ సంబరం విని, "అందింది నాన్నా, చాలా బాగుంది," అన్నాను. ఎండలో నడిచివెళ్ళి, గంటకు ఇంత అని డబ్బు కట్టి టైపు చేసిన మనిషికి, నీ ఉత్తరం పాడైపోయి వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకో ఉత్తరం రాయమంటే రాసేవారే. అడగలేదు.

నాన్న 2011లో పోయారు. ఆ మరుసటేడు తమ్ముడు మా ఇంటికొచ్చినప్పుడు ఆ రెండు ఉత్తరాలూ చూపించాను. వాడు కంప్యూటర్ ఉద్యోగస్థుడు. మొదటిది చూస్తూనే, "ఇందులో ఏం పోలేదక్కా, చీటీ లేదంతే," అన్నాడు. బ్రౌజర్ మెనూలోకి వెళ్ళి లిపి పద్ధతి మార్చాడు. ఒక్క నొక్కు. తెర మీద నాన్న!

ఊరగాయలు పెట్టారట. అమ్మ మోకాళ్ళు కాస్త నయమట. నా కథ ఒకటి అప్పుడే ఒక పత్రికలో పడింది. అది చదివారట. అందులో మూడు తప్పులున్నాయట. ఫలానా పేరాలో 'ళ' ఉండవలసిన చోట 'ల' పడిందని వరసగా రాశారు. చివర్లో, కథ బాగుందని మీ అమ్మతో అన్నాను, నీతో అనడం మరిచిపోయాను అని ఒక్క వాక్యం. తమ్ముడూ నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

"రెండోది కూడా తెరువురా," అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. దారిలో ఏదో ప్రోగ్రాము ఆ ఉత్తరాన్ని పడమటి అక్షరాల్లోకి మార్చబోయి, తనకు తెలియని ప్రతి తెలుగు అక్షరాన్నీ తీసేసి దాని చోట ప్రశ్నార్థకం పెట్టిందట. మొదటి డబ్బాకు చీటీ లేకపోయినా సరుకు లోపల భద్రంగా ఉంది. రెండో డబ్బాలో సరుకే పారబోసి, కాగితం ముక్కలు నింపి పంపారు. ఇక ఎవరూ తెరవలేరు.

దాన్ని నేను తుడిచెయ్యలేదు. మాటల మధ్య ఖాళీలు, వాక్యాల చివరి చుక్కలు అలాగే మిగిలాయి. నాలుగు ప్రశ్నార్థకాలు, ఒక ఖాళీ, మళ్ళీ ఆరు... మొత్తం పదకొండు వాక్యాలు. అప్పుడప్పుడు తెరిచి, ఈ నాలుగు ఏ మాటై ఉంటుందా అని చూస్తుంటాను.

మొన్న వేసవిలో అమ్మ దగ్గరికి వెళ్ళి, వంటింట్లో డబ్బాలన్నిటికీ తెల్ల కాగితం చీటీలు అంటించాను. ఆవాలు, ఉప్పు, చక్కెర. అమ్మ నవ్వి, "నాకెందుకే ఇవన్నీ? నాకన్నీ తెలుసుగా," అంది.

"నీకోసం కాదులే అమ్మా," అన్నాను.